పెన్సిళ్ళు చెక్కే పిల్ల

అద్దం మీద గీత ఒక్కసారే గీయాలి. గీసిన దారినే మళ్ళీ గీస్తే, తానెటు విరగాలో అద్దానికే తోచక, దాని ఇష్టం వచ్చినట్టు విరుగుతుంది. అందుకే పనిలో ఉన్నప్పుడు అద్దాలాయన ఎవరు పిలిచినా పలకడు. అటువంటివాడు ఆ సోమవారం మధ్యాహ్నం ప్రార్థనా మందిరం వారి బడి వరండాలో, గోనెపట్టా పరిచిన బల్ల మీద అద్దం పెట్టి, స్కేలు ఆనించి, కిరసనాయిల్లో ముంచిన డైమండు పుల్లను సగం దాకా నడిపించి, ఆగిపోయాడు.

ఎవరూ పిలవలేదు. ఎదురుగా మూడో తరగతి గది తలుపు ఉక్కకు బార్లా తెరిచి ఉంది. లోపల పిల్లలు వరసగా లేచి పాఠం చదువుతున్నారు. ఒకరు రెండు ముక్కలు చదివి కూర్చోగానే పక్కవారు లేస్తున్నారు. తన కూతురి వంతు వచ్చేలోగా గీత ముగించి, ఆ రెండు ముక్కలూ తీరిగ్గా విందామనుకున్నాడు. ముందు బెంచీ అయింది. రెండో బెంచీ అయింది. మూడో బెంచీ చివర కూర్చోవలసిన పిల్ల అక్కడ లేదు.

గది వెనక, చెత్తబుట్ట పక్కన, నేల మీద ఉంది. ఒళ్ళో రేకు డబ్బా; డబ్బా నిండా పెన్సిళ్ళు. ఒక్కొక్కటే తీసి చెక్కి, మొన అరచేతికి తాకించి చూసుకుని, నచ్చకపోతే మరొక తిప్పు తిప్పి, అయినవాటిని కుడిపక్క వరసగా పేరుస్తోంది. వంతు ఆమె బెంచీ దాకా వచ్చింది. టీచరు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే "నెక్స్ట్" అంది. వెనక బెంచీ పిల్లవాడు లేచాడు. అనడంలో టీచరు గాని, లేవడంలో వాడు గాని, పిసరంత తడబడలేదు. రోజూ నడిచి నడిచి నున్నబడ్డ కాలిబాటలాగా ఉంది ఆ వరస.

సగంలో ఆగిన గీత మీద మళ్ళీ చెయ్యి పడింది. అద్దం టక్కుమనలేదు, కరకరమంటూ ఓరగా చీలింది.

చప్పుడు విని గేటు దగ్గర్నుంచి బావమరిది వచ్చాడు. భార్యకు తమ్ముడు, ఆ బడికి కాపలాదారు. పిల్లకు అక్కడ సీటు ఇప్పించింది తానేనని ఇప్పటికీ వారానికోసారైనా గుర్తుచేస్తుంటాడు.

"ఏంటి బావా, అద్దం మీద అలిగావా?"

"పిల్లని కింద కూచోబెట్టారేంట్రా?"

"మన వసపిట్టనా? అది పెన్సిళ్ళ మంత్రి కదా! క్లాసు మొత్తానికీ అదే చెక్కాలి. టీచరుకి దానిమీద అంత నమ్మకం."

"రోజూనా?"

బావమరిది నవ్వు సగం మింగాడు. "చదివే గంటలో. పోనీలే బావా, నీ కూతురు ఒకచోట కుదురుగా కూచోవడమే గొప్ప. ఆ పెంకులు ముందు ఎత్తు, పిల్లలు తిరిగే చోటు."

అద్దాలాయన వంగి పెంకులు ఏరాడు. లోపల పిల్ల తల ఎత్తి తండ్రిని చూసి, అప్పుడే చెక్కిన పెన్సిలు పైకెత్తి ఆడించింది.

*

ఇంట్లో ఆ పిల్లను అసలు పేరుతో పిలిచేవారు లేరు. నోరు తెరిస్తే మూత పడదు గనుక వసపిట్ట. ఆ సాయంత్రం కూడా గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"నాన్నా, నువ్వు అద్దం పగలగొట్టావుగా, క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. కొంచెం నవ్వాను. టీచరు మీ నాన్నకి దెబ్బ తగిలిందేమో చూసి రమ్మంది, ఈలోపు బెల్లయిపోయింది. నాన్నా, మెత్తని చెక్క పెన్సిలుకీ గట్టి చెక్క పెన్సిలుకీ తేడా చెప్పనా?"

"పుస్తకం తీసుకురా తల్లీ."

తల్లి లాండ్రీ బట్టలు ఇస్త్రీ చేస్తోంది. పెట్టె ఆపి ఒకసారి భర్త ముఖం చూసి, మళ్ళీ చొక్కా కాలరు మీద దించింది.

పిల్ల పుస్తకం తెరిచి, వేలు పెట్టి, గడగడా చదివింది. ఎక్కడా ఆగలేదు. గొంతు ఎత్తవలసిన చోట ఎత్తింది, దించవలసిన చోట దించింది. పేజీ అడుగున ఉండవలసిన మాట నోట్లోంచి వచ్చేసినా, వేలు ఇంకా నడిమి వరసలోనే నడుస్తోంది. నోరు రెండో పేజీలోకి వెళ్ళిపోయాక, ఏదో మరిచిపోయినదానిలా గబుక్కున పేజీ తిప్పింది.

అతను ఒక మాట మీద తన వేలు పెట్టాడు. "ఇదేంటి?"

"అది... మొదట్నుంచీ చెప్పనా?"

"మొదట్నుంచీ వద్దు. ఇదొక్కటే."

పిల్ల ఆ మాట వంక చూసింది. పుస్తకం కొంచెం దగ్గరికి తెచ్చుకుంది. ఆ తర్వాత మాట వంక కాక తండ్రి పెదవుల వంక చూడసాగింది.

"ఇదొక్కటే అని చెప్పానా!" అతని గొంతు అతనికే గట్టిగా వినిపించింది. పిల్ల పుస్తకం మూసి తల్లి వెనక్కి చేరింది.

"పాఠమంతా అప్పజెప్పిందిగా, అరుస్తారెందుకు?" అంది భార్య.

"అప్పజెప్పింది. చదవలేదు. వాళ్ళ ప్రార్థనలూ అంతే, పాఠాలూ అంతే. పది మందితో కలిసి అరవడం దీనికి నల్లేరు మీద బండి నడక. చదివే గంట వచ్చేసరికి చెత్తబుట్ట పక్కన కూచోబెడుతున్నారు."

"పాత బళ్ళో గొడుగు టీచరు దీన్ని పక్కన కూచోబెట్టుకుని నాలుగు అక్షరాలు నేర్పిందని, ఇంకో ఏడాది ఆగుదామని, నేను నెత్తీనోరూ కొట్టుకోలేదా? సర్కారు మన పిల్ల వంతు సొమ్ము మనం చెప్పిన బడికే ఇస్తుందట, వోచరు చేతిలో ఉండగా ఈ పెంకులూడిన బడెందుకని ఎగిరింది మీరు. ఆ హెడ్మాస్టరు పాపం షాపుదాకా వచ్చి బతిమాలితే, నా కూతురు బాగుపడటం మీకు ఇష్టం లేదా అని నలుగురిలో అడిగింది మీరు."

అతను పిల్ల వదిలేసిన పుస్తకం తీసి సంచిలో పెట్టాడు.

"మన దేవుడు కాదు, మన ప్రార్థన కాదు, అయినా సరే అనుకున్నా. ఏ దేవుడి నీడనైతేనేం, నాలుగు ముక్కలు వస్తే చాలనుకున్నా," అంటూ ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "రేపు వెళ్ళి అడగండి. అరవకుండా అడగండి. తమ్ముడి ఉద్యోగం కూడా అక్కడే ఏడిచింది."

*

ప్రిన్సిపాల్ గదిలో కుర్చీలకు లేత రంగు గుడ్డ కుట్టి ఉంది. చేతులకు అద్దాలు బిగించే లప్పం అంటి ఉన్నందువల్ల అతను కూర్చోలేదు. ఆవిడ మూడుసార్లు కూర్చోమని చెప్పి, ఆఖరికి తానే లేచి, తన బల్ల మీది పాత పేపరు తీసి ఎదుటి కుర్చీలో పరిచింది. అంత మర్యాద జరిగాక గట్టిగా మాట్లాడటం ఎలాగో అతనికి తెలియలేదు.

"మీ అమ్మాయి పొద్దుటి ప్రార్థన చెబుతుంటే వినాలండీ. ఒక్క మాట పొల్లుపోదు."

"చదవడం రావట్లేదండి."

"అవునండీ."

తోసి తెరవాలని భుజం ఆనించిన తలుపు గడియే లేకుండా తెరుచుకున్నట్టయింది. రాత్రంతా కూడబెట్టుకున్న మాటలు ఎక్కడ వాడాలో తోచలేదు.

"మీకు తెలుసాండి?"

"మొదటి వారంలోనే తెలిసింది. అక్షరాలు ఆ పిల్ల కంటికి ఒకచోట నిలబడవు. బుర్ర తక్కువై కాదు, కొందరు పిల్లలు అంతే. విడిగా కూచోబెట్టి నేర్పేవాళ్ళు కావాలి. మా దగ్గర అలాంటి టీచరు లేరు. సర్కారు బడైతే అలాంటివారిని తప్పకుండా పెట్టాలి, మాకు ఆ నియమం లేదు. వోచరు తీసుకునేటప్పుడు మీకు చెప్పే ఉంటారు."

చెప్పే ఉంటారు. ఆ రోజు వరసలో నిలబడి, ఎప్పుడు తన వంతు వస్తుందా అని మెడ చాచడం తప్ప అతనికి ఇంకేమీ గుర్తులేదు.

"మొదటి వారంలోనే మాకు చెప్పొచ్చు కదండీ?"

"మీరెంతో ఆశగా వచ్చారు. అంత తొందరగా తుంచేయడం బాగుండదనుకున్నాం."

"లెక్కింపు పోయిన వారమే అయింది కదండీ," అన్నాడు అతను, తనకే తెలియకుండా గొంతు తగ్గించి. బడిలో ఎంతమంది పిల్లలున్నారో సర్కారు వచ్చి తలలు లెక్కపెట్టుకుపోయే రోజది. "ఇప్పుడు పిల్ల వెళ్ళిపోతే, దాని పేరున వచ్చిన సొమ్ము?"

"ఈ ఏడాదికి ఇక్కడే ఉంటుంది. మా నియమం కాదండీ, సర్కారుదే. వచ్చే ఏడాది పిల్ల ఎక్కడుంటే అక్కడికి వెళుతుంది." ఆవిడ ముఖంలో చిరాకు గాని, దాపరికం గాని లేవు. "మేం ఎవర్నీ పొమ్మనం. ఉంచుతానంటే నిక్షేపంగా ఉంచండి. కింద కూచోబెట్టడం మాత్రం తప్పే. బెంచీ మీదే కూచుని చెక్కుకోమంటానని టీచరుకి చెబుతాను."

ఉంటే పెన్సిళ్ళు చెక్కుతుంది, పోతే చదువుకుంటుంది. ఇందులో ఆలోచించడానికేముంది అనిపించింది అతనికి. పాత బడి వరండాలో గొడుగు టీచరు, గరుకు కాగితం మీద పిల్ల వేలు పట్టుకుని దిద్దించడం కళ్ళముందు కదిలింది.

"పాత బడికే పంపించేస్తానండి."

"మీ ఇష్టంతోనే కదా? మేం పంపించామని రేపు అనకూడదు."

"నా ఇష్టంతోనేనండి."

టీ వచ్చింది. తాగాడు. కప్పు పిడికి లప్పం అంటితే చొక్కా అంచుతో తుడిచి పెట్టాడు. సాయంత్రానికల్లా కాగితాలు తయారుచేయిస్తానని ఆవిడ చెప్పి, "మేడ మీది కిటికీలు శుక్రవారానికి అయిపోతాయి కదా?" అని అడిగింది.

"అయిపోతాయండి. థాంక్సండి."

మెట్లు సగం దిగాక గాని, దేనికి థాంక్సు చెప్పాడో అతనికి తట్టలేదు.

ఇంట్లో ఆ మాట చెబితే పిల్ల ముందు నమ్మలేదు. నమ్మాక ఏడ్చింది. కొత్త స్నేహితుల కోసం కాదు, ప్రార్థన కోసం కాదు.

"మరి పెన్సిళ్ళు ఎవరు చెక్కుతారు నాన్నా? వాళ్ళెవరికీ చెక్కడం రాదు. ములుకులు విరగ్గొట్టేస్తారు."

*

బుధవారం ఉదయం సర్కారు బడిలో గంట కొడుతున్నది హెడ్మాస్టరే. ప్యూను ఉద్యోగం రద్దయిందట. ఇనప ముక్కకు కట్టిన తాడు చేత్తో పట్టుకునే, తండ్రి వెనక దాక్కున్న పిల్లను పలకరించాడు.

"ఏమే వసపిట్టా, దారి గుర్తుందా? నువ్వెళ్ళాక మాకు చెవులు ఖాళీగా ఉన్నాయి."

పిల్ల ఫక్కున నవ్వింది. షాపులో నలుగురిలో తాను అన్న మాటను ఆ పెద్దమనిషి ఎత్తుతాడేమోనని అతను కాచుకున్నాడు. ఎత్తలేదు. ఎత్తినా బాగుండేదనిపించింది.

"మళ్ళీ ఇక్కడే చేర్పిద్దామనండి."

"చేర్పించండి. వచ్చినవాళ్ళని కాదనే అధికారం మాకెప్పుడూ లేదు. దీని వంతు సొమ్ము అక్కడే ఉండిపోయిందంటారు, అంతేగా? ఈ వారంలో మీరు మూడోవాళ్ళు." ఆయన నవ్వబోయి మానేశాడు. "మూడు, నాలుగు, అయిదు తరగతులు ఒకే హాల్లో కలిపేశాం. కాస్త గోలగా ఉంటుంది. మీ పిల్లకి గోల కొత్త కాదులెండి."

"గొడుగు టీచరుగారు ఏ గదిలో ఉన్నారండి?"

హెడ్మాస్టరు తాడును చుట్ట చుట్టి మేకుకు తగిలించాడు. జారింది. మళ్ళీ తగిలించాడు.

"ఆవిడ లేరండీ. కాంట్రాక్టు మీద ఉండేవారు. విడిగా చెప్పాల్సిన పిల్లలు ఇంతమంది ఉంటేనే ఆ పోస్టు ఉంటుంది. లెక్కింపు రోజున తగ్గారు. మర్నాడే ఆర్డరొచ్చింది."

"ఎంతమంది తగ్గారండి?"

"ఇప్పుడా లెక్కలెందుకు లెండి."

"ఒక్కరా?"

ఆయన వంగి పిల్ల సంచి పట్టీ సరిచేశాడు. "లోపలికెళ్ళమ్మా. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూచో."

హాల్లో ఒక్క టీచరు మూడు బోర్డుల మధ్య తిరుగుతోంది. ఒక వైపు ఎక్కాలు, ఒక వైపు పద్యం. పిల్ల గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి, పద్యం వైపు నడిచి, కూర్చోకముందే వాళ్ళతో గొంతు కలిపింది. రెండో చరణానికల్లా ఆమె గొంతే పైకి వినిపించింది. టీచరు అలసిన ముఖంతోనే మెచ్చుకోలుగా తల ఊపింది.

హాలు కిటికీలో ఒక రెక్కకు అద్దం లేదు. అట్టముక్క అడ్డం పెట్టారు. అతను అలవాటుగా జానతో కొలిచాడు.

"దీనికి నేనొచ్చి వేస్తానండి. నాకేమీ ఇవ్వక్కర్లేదు."

"వద్దులెండి," అన్నాడు హెడ్మాస్టరు మెల్లగా. "ఈ వైపు మూసేస్తారట. మిగిలినవాళ్ళని ఇంకో బడిలో కలుపుతారని వింటున్నాం. అద్దం దండగ."

ఆ సాయంత్రం బావమరిది వచ్చి తిట్టాడు. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు చేశావు బావా! ముందక్కడ అడిగి, తరవాత ఇక్కడ వదలాలి గాని, ఎవరైనా పడవ దిగేసి రేవెక్కడని వెతుక్కుంటారా? ప్రిన్సిపాలమ్మని నేనే అడిగాను. మళ్ళీ చేరాలంటే పరీక్ష పెడతారట. చదివే పరీక్ష."

"అలాగా," అన్నాడు అద్దాలాయన. భార్య తల ఎత్తకుండా ఇస్త్రీ చేస్తూనే ఉంది.

*

శుక్రవారం నాటికి కొత్త మేడ మీద ఒక్క గది మిగిలింది. చిన్న గది. పొట్టి బల్లలు, బల్లకు రెండే కుర్చీలు, గోడకు అరలు. ఏ తరగతిదో అతనికి అంతుపట్టలేదు. కిటికీ పెద్దది, ఒకే పలక పట్టే ఫ్రేము. నిచ్చెన ఆనించిన బయటి సజ్జ మీద నిలబడి బిగించాలి. అద్దం లోపలి నుంచి ఎవరైనా అందించి, నాలుగు మూలలా ఆనిందో లేదో చెప్పాలి. బావమరిది వస్తానని రాలేదు. అద్దం గోడకు చేరవేసి ఎదురుచూస్తుండగా గదిలోకి ఒకామె వచ్చి, చేతిలోని గొడుగు తలుపు మూలన నిలబెట్టి, బల్ల మీద వేలితో దుమ్ము గీసి చూసుకుంది.

"గొడుగు టీ... నమస్కారమమ్మా."

ఆవిడ ఉలిక్కిపడి, గుర్తుపట్టి, ముఖమంతా నవ్వింది. "మీరా! ఇక్కడి అద్దాలన్నీ మీవేనా? ఇది నా గదటండీ. వచ్చే నెలలో మొదలుపెడతారట. చదవడం కష్టమయ్యే పిల్లలకి. బయటి బళ్ళ నుంచి కూడా తెస్తారట." నవ్వు కొంచెం తగ్గింది. "ఫీజు వేరేలెండి. వోచరు దీనికి చెల్లదు. అయినా ఇక్కడి పిల్లలకి కొంత తగ్గిస్తామన్నారు. నేను ముందే అనుకున్నా, మన వసపిట్ట ఇక్కడే ఉందిగా, దాన్నే మొదట కూచోబెట్టుకోవాలని. పొద్దున క్లాసులన్నీ చూశాను, కనబడలేదేం? జ్వరమా?"

"మాన్పించేశానమ్మా. మీ దగ్గర చదువుతుందని. పాత బడికి."

ఆవిడ పొట్టి కుర్చీలో కూర్చుంది. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

"ఎప్పుడు?"

"మంగళవారం పొద్దున మాట్లాడాను."

"నన్ను మంగళవారం సాయంత్రం రమ్మన్నారు," అంది ఆవిడ.

కింద ఎవరో బల్లలు ఈడుస్తున్నారు.

"ఆదివారాలు మీ ఇంటికే వచ్చి చెబుతానండీ. ఒక్క గంట. దానికి దారి దొరికింది అప్పటికే, ఇంకొంచెం పట్టుకుంటే..." అని, ఆవిడ ఆ మాట పూర్తిచేయకుండా తలుపు వైపు చూసింది. "బయట ఎవరికీ పాఠం చెప్పనని రాసిచ్చానండీ వీళ్ళకి. మీ బావమరిది ఇక్కడే కదా, తెలియకుండా ఉండదు. ఈ పని రాకముందు, ఇంకెన్ని గుమ్మాలు ఎక్కాలో అని లెక్కవేసుకుని ఏడిచాను. మా ఆయనకి పక్షవాతం. మీకు తెలుసో లేదో."

"తెలియదమ్మా. పర్వాలేదు. మీరు ఇబ్బంది పడకండి."

"పర్వాలేదనకండీ," అంది ఆవిడ. "దయచేసి అలా అనకండి."

అతను గోడకు చేరవేసిన అద్దం వైపు తిరిగాడు. "కాస్త ఈ అద్దం అందిస్తారా?" అన్నాడు. "అంచులు పట్టుకోండి. మధ్యలో చెయ్యి వెయ్యకండి."

అతను కిటికీలోంచి సజ్జ మీదికి దిగాడు. ఆవిడ అద్దాన్ని ఏటవాలుగా ఎత్తి ఫ్రేములోంచి బయటికి అందించింది. అందిస్తూనే గబగబా చెప్పడం మొదలుపెట్టింది. "మీరే చెప్పండి ఇంట్లో. నేను చెబుతాను ఎలాగో. గరుకు కాగితం తీసుకోండి. ఒక్క అక్షరమే. అది వచ్చేదాకా రెండోది చూపించకండి. వేలితో దిద్దించేటప్పుడు పైకి పలకాలి. కోప్పడకూడదు. కోప్పడితే నెల వెనక్కి పోతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో అదే ముఖ్యం, ఎడమవైపు నుంచి కాదు, దానికి..."

"మూల ఆనిందాండి?"

"ఆనింది. దానికి పై నుంచి కిందికి..."

అద్దం ఫ్రేములో కూర్చుంది. సరిగ్గా అదే సమయానికి కింద గంట కొట్టారు, బడి వదిలారు. పిల్లల గోల సజ్జ దాకా పొంగుకొచ్చింది. లోపల ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి. అతను చెవి చూపి, వినబడటం లేదన్నట్టు చెయ్యి ఆడించాడు. ఆవిడకు అర్థమైంది. ఒక్క క్షణం ఆలోచించి, అద్దం మీద వేలు ఆనించి, నెమ్మదిగా ఒక అక్షరం రాసి చూపించింది. మళ్ళీ రాసింది, ఇంకా నెమ్మదిగా. ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడ రెండుసార్లు తట్టింది.

అతను కళ్ళు చికిలించి ఆ వేలినే చూశాడు. ఇవతలి నుంచి చూస్తే అంతా తిరగబడి ఉంది. ఎడమ కుడిగా, కుడి ఎడమగా, తెలిసిన అక్షరమేనన్నట్టు ఉంది, ఏదో పోల్చుకునేలోగా జారిపోతోంది. ఆవిడ మళ్ళీ రాసింది. ఆ తర్వాత కనుబొమలు ఎత్తి, అర్థమైందా అన్నట్టు చూసింది.

అర్థమైందని అతను తల ఊపాడు. ఊపి, డబ్బాలోంచి లప్పం ఉండ తీసుకుని, మెత్తగా మెదిపి, ఎక్కడా సందు మిగలకుండా అంచు వెంట బొటనవేలితో నొక్కుకుంటూ పోయాడు.